ఊరి పేరు దొరకని చరిత్ర, ఒత్తుకు చోటు లేని పేజీ

నల్లగొండ జిల్లా చరిత్ర మీద రాసిన పుస్తకం చేతికి వచ్చినప్పుడు ఆ జిల్లా పాఠకులు మొట్టమొదట చేసే పని అందులో తమ ఊరి పేరు వెతుక్కోవడం. నకిరేకల్ వారు నకిరేకల్ కోసం, దేవరకొండ వారు దేవరకొండ కోసం పేజీలు తిప్పుతారు. పుస్తకం చివర పేర్ల సూచిక ఉంటే ఆ పని అర నిమిషంలో తేలిపోతుంది. చాలా పుస్తకాల్లో ఆ సూచిక ఉండదు. అప్పుడు నాలుగు వందల పేజీలను మొదటి నుంచి చివరి దాకా కళ్లతో జల్లెడ పట్టాలి; అంత చేసినా, ఊరి పేరు ఏ పేజీ అడుగునో ఒక వాక్యంలో ఉండి కన్ను దాటిపోయిందేమోనన్న అనుమానం మిగిలే ఉంటుంది. సమాచారం పుస్తకంలో ఉంది, పుస్తకం పాఠకుడి చేతిలో ఉంది, అయినా దాన్ని చేరుకునే దారి లేదు.

ఇటువంటి ఇబ్బందులను చిల్లర చిరాకులుగా కొట్టిపారేయడం అలవాటైపోయింది. విషయం బాగుంటే చాలు, సూచిక లేకపోతేనేం, అక్షరం చిన్నదైతేనేం, అట్ట ఊడితేనేం అన్న మాట సాహిత్య సభల్లో తరచు వినిపిస్తుంది. నిజానికి ఈ చిరాకులన్నీ ఒకే లోటు నుంచి పుడుతున్నాయి. తెలుగు పుస్తకం తయారయ్యే దారిలో రచయిత ఉంటారు, డీటీపీ (కంప్యూటరులో పేజీలు కట్టే పని) చేసేవారు ఉంటారు, ముద్రాపకుడు ఉంటాడు, ఆవిష్కరించే పెద్దలు ఉంటారు. చదవబోయే మనిషి తరఫున కూర్చుని ప్రతి పేజీనీ పరీక్షించే సంపాదకుడు మాత్రం అరుదుగా ఉంటాడు. దక్షిణ తెలంగాణ గురించి వచ్చిన పుస్తకాలను ముందు పెట్టుకుని చూస్తే ఈ లోటు ఎక్కడెక్కడ బయటపడుతుందో తెలుస్తుంది.

పేర్లను ఏరి అకారాది క్రమంలో పేర్చినంత మాత్రాన సూచిక తయారుకాదు. ఒకే పట్టణం పుస్తకంలో ఒక చోట నల్గొండ, ఇంకో చోట నల్లగొండ, పాత కాలపు ప్రస్తావన వచ్చినప్పుడు నీలగిరి అవుతుంది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నడిపిన పత్రిక పేరు నీలగిరి పత్రిక. ఆ సంగతి ఎరిగిన సంపాదకుడు ఈ మూడు రూపాలనూ ఒక చోటికి చేరుస్తాడు, ఎరగనివారు మూడు వేర్వేరు ఊళ్లుగా వదిలేస్తారు. మనుషుల పేర్ల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. రావి నారాయణరెడ్డిని ఇంటిపేరు కింద వెతకాలా, సొంత పేరు కింద వెతకాలా అన్నది ఎవరో ఒకరు నిర్ణయించి, రెండో చోట మొదటి చోటుకు దారి చూపాలి. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో క్ష చివర వస్తుంది, నిఘంటువుల్లో క కిందనే వస్తుంది. సూచికలో క్షేత్రయ్యను ఎక్కడ ఉంచారో పాఠకుడికి ముందే తెలియాలి. ఈ నిర్ణయాలు ఏ ఒక్కటీ కష్టమైనది కాదు. వాటిని తీసుకునే మనిషే లేకపోవడం వల్ల సూచిక మొత్తం ఎగిరిపోతోంది.

ఈ నష్టం అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది తెలంగాణ సాయుధ పోరాట కాలపు జ్ఞాపకాల పుస్తకాలకు. 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటంలో పాల్గొన్నవారు రాసుకున్న పుస్తకాల్లో ఊళ్ల పేర్లు, దళాల్లో పనిచేసినవారి పేర్లు, అన్నం పెట్టి దాచినవారి పేర్లు, కాల్పుల్లో చనిపోయినవారి పేర్లు వందల సంఖ్యలో ఉంటాయి. వీరిలో చాలామందికి ఆ ఒక్క వాక్యం తప్ప అచ్చులో మరో జాడ లేదు. తాత పేరు ఏదో పుస్తకంలో ఉందని ఇంట్లో విన్న మనవరాలు గ్రంథాలయానికి వచ్చి అడిగితే, ఏ పుస్తకమో చెప్పగలిగినా ఏ పేజీయో చెప్పగలిగేవారు ఉండరు. ఆ పేరును జ్ఞాపకం పెట్టుకుని అచ్చు దాకా తెచ్చిన రచయిత శ్రమ అంతా చివరి పది పేజీలు లేకపోవడం వల్ల మరుగున పడిపోతుంది. సూచిక లేకపోవడాన్ని అలంకారం లోపంగా చూడటం తప్పు. ఈ పుస్తకాల విషయంలో అది ఆ మనుషుల పట్ల అన్యాయం.

ఊరి పేరు దొరికాక ఆ ఊరు ఎక్కడుందో తెలియాలి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా, పాత మహబూబ్‌నగర్ జిల్లా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరు జిల్లా అయింది. 1970ల్లో రాసిన పుస్తకాన్ని ఇప్పుడు పునర్ముద్రిస్తున్నప్పుడు అందులోని తాలూకా పేర్లను మార్చకూడదు, అవి ఆ కాలపు సాక్ష్యం. అయితే ఆ తాలూకా ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పే సగం పేజీ పటం ముందు వేయకపోతే ఈనాటి విద్యార్థికి ఆ పేర్లు శూన్యంలో వేలాడుతాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిన పాలమూరు ఊళ్ల గురించి రాసినప్పుడు పటం మరీ అవసరం, ఎందుకంటే ఆ ఊళ్లను ఇప్పుడు వెళ్లి చూడటం కుదరదు. వాటికి మిగిలిన చోటు కాగితం మీదే.

నల్లగొండ పక్కనున్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం గురించి రాసే పేజీలు ఇదే లోపానికి మరో ఉదాహరణ. మూడు గర్భాలయాలు ఒకే మంటపం వైపు తెరుచుకునే త్రికూటాలయం అది. ఒక గర్భాలయంలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ వల్ల ఆ పేరు వచ్చింది. ఈ నీడను వర్ణించడానికి రచయితలు అద్భుతం, అపూర్వం, అనన్యం అన్న విశేషణాలన్నీ ఖర్చుచేస్తారు. సూర్యుడు కదులుతున్నా నీడ ఎందుకు కదలదో చదివినవారికి అర్థం కాదు. వెలుతురు ఏ దారుల్లో లోపలికి వస్తుందో, మంటపంలో స్తంభాలు ఏ వరసల్లో ఉన్నాయో చూపే నేల పటం ఒక్కటి గీసి పెడితే రెండు పేజీల విశేషణాలు అక్కరలేదు. దానికి బదులు నల్లటి మరకలా అచ్చయిన ఫోటో ఒకటి ఉంటుంది. రంగుల ఫోటోను మామూలు మ్యాప్‌లితో కాగితం మీద నలుపు సిరాతో అచ్చువేస్తే రాతి చెక్కడాల నీడలన్నీ కలిసిపోతాయి. శాసనాల ఫోటోలకూ అదే గతి. శాసనం అచ్చుపాఠం పక్కన చదవడానికి వీలుకాని ఫోటో వేయడం కన్నా చక్కగా గీసిన రేఖాచిత్రం వేయడం ఎంతో మేలు.

నిజాం కాలపు విషయాలు రాసేటప్పుడు తేదీలు మరో అడ్డు. హైదరాబాదు రాజ్యపు దస్త్రాలు ఫసలీ అనే శిస్తు సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఆ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. అయితే అక్కడి ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి ఒక ఫసలీ రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పరుచుకుంటుంది. ఫసలీ 1357 అంటే 1947-48. నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిన పోలీసు చర్య జరిగిన సెప్టెంబరు దాని చివరి రోజుల్లో పడుతుంది. రచయిత దస్త్రంలో ఉన్నది ఉన్నట్టు 1357 అని రాసి వదిలేస్తే, చదివేవారు దాన్ని హిజ్రీ అనుకునే ప్రమాదం కూడా ఉంది. రూపాయల లెక్క కూడా ఇంతే. నిజాం రాజ్యపు హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా కల్దారు ఆరు రూపాయలకు సమానంగా చెల్లేవి. పుస్తకంలో రెండు రకాల రూపాయలూ పక్కపక్కనే కనిపించినప్పుడు ఏది ఏదో చెప్పని పుస్తకం శిస్తుల గురించి చెప్పేదంతా అస్పష్టమే. వీటితో పాటు మాలీ పటేల్, గిర్దావర్, మక్తా, సర్ఫెఖాస్, లేవీ గల్లా, వెట్టి వంటి మాటలు ఉంటాయి. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లోనే పోయింది. అరవై దాటినవారికి ఇవి ఇంట్లో విన్న మాటలు. ఇరవై ఏళ్లవారికి నిఘంటువులో కూడా సరిగా దొరకని మాటలు. రెండు పేజీల పదకోశం ఇస్తే ఇద్దరూ ఒకే పుస్తకం చదవగలుగుతారు.

ఇదంతా ఇక్కడివారికి తెలియని విద్య కాదు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ప్రకరణాల చివర ముఖ్యాధారాలను పేర్కొన్నారు. ఏ కాలం గురించి చెప్పినా ఆ మాట ఏ కావ్యంలోంచి, ఏ గ్రంథంలోంచి తీసుకున్నారో పాఠకుడు అక్కడికక్కడే చూసుకోవచ్చు. అంతకుముందు 1934లో ఆయన తెచ్చిన గోలకొండ కవుల సంచిక ప్రయోజనమంతా పేర్ల మీద, వివరాల మీద నిలబడింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్న, అన్న మాటకు వాదనతో కాకుండా 354 మంది కవులతో జవాబు చెప్పిన గ్రంథం అది. ఏ కవి ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా ఆ పద్యాలను వరసగా అచ్చువేసి ఉంటే ఆ జవాబుకు బలం ఉండేది కాదు. డెబ్బై, తొంభై ఏళ్ల కిందట, కంప్యూటరు లేని రోజుల్లో, చేత్తో కాగితాల మీద రాసుకుని చేసిన ఈ పనిని ఇప్పటి ప్రచురణల్లో మానేయడానికి సమర్థన దొరకదు.

విషయాన్ని పక్కన పెట్టి పేజీని పేజీగా చూసినా బాధలు తక్కువ కాదు. వాటిలో మొదటిది పంక్తుల మధ్య ఎడం. తెలుగు అక్షరం పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది. స్త్రీ, రాష్ట్రం, శాస్త్రం వంటి మాటల్లో ఆ కింది భాగంలోనే రెండు ఒత్తులు ఇమడాలి. ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైన పేజీ సాఫ్ట్‌వేర్లు తమంతట తాముగా ఇచ్చే ఎడం అక్షరం కొలతకు 120 శాతం. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్లు. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో ఆ ఎడంతో పేజీ కడితే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది, కొన్ని చోట్ల దానిలోకి దిగుతుంది. కన్ను ఒక పంక్తి చివరి నుంచి తర్వాతి పంక్తి మొదటికి వచ్చేటప్పుడు దారి తప్పి, చదివిన పంక్తినే మళ్లీ చదువుతుంది. సీసపు అక్షరాలతో కంపోజు చేసిన రోజుల్లో ఈ గుద్దులాట సాధ్యమే కాదు, ఎందుకంటే లోహపు ముక్కలు ఒకదానిలోకి ఒకటి చొరబడవు. ఒత్తుకు కావలసిన చోటు పోతలోనే ఉండేది. కంప్యూటరు ఆ అడ్డును తీసేసింది. అడ్డు పోయినప్పుడు ఆ చోటును గుర్తుపెట్టుకుని ఇవ్వవలసింది మనిషి. తెలుగు వచనానికి అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్ల ఎడం ఇస్తే పేజీ ఊపిరి పీల్చుకుంటుంది. దానివల్ల పేజీలు పెరుగుతాయన్నది నిజమే. ఆ పేజీలను ఆదా చేయడానికి పంక్తులను కుక్కడం పాఠకుడి కళ్ల ఖర్చుతో చేసే ఆదా.

రెండోది అక్షరం లోపలి చోటు. ద, ధ లకు తేడా కింద ఉన్న చిన్న గీత. ధ, థ లకు తేడా మధ్యలో ఉన్న చుక్క. ప, ష లకు, డ, ఢ లకు, బ, భ లకు తేడాలు ఇలాంటివే. అక్షరం పరిమాణం తగ్గించి, సిరా ఎక్కువ పట్టే పలచని కాగితం మీద అచ్చువేసినప్పుడు మొదట పూడుకుపోయేవి ఈ సందులే. శీర్షికల కోసం అక్షరాన్ని లావు చేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ఈ రెంటినీ కలిపి రాయడం ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, తప్పు అని చెప్పినవారినే వింతగా చూస్తారు. రాసేవారి అజాగ్రత్తతో పాటు, ఆ చుక్క కనిపించని పేజీలు చదివి పెరగడం కూడా ఇందుకు కొంత కారణమై ఉండవచ్చు. ఇంగ్లీషు పుస్తకాలను చూసి తెలుగు అక్షరాలను పక్కకు వంచి అచ్చువేయడం మరో చెడ్డ అలవాటు. తెలుగు లిపికి వాలు అక్షరం సంప్రదాయం లేదు. సాఫ్ట్‌వేరు బలవంతంగా వంచిన గుండ్రటి అక్షరాలు పడిపోతున్నట్టు ఉంటాయి. నొక్కి చెప్పవలసిన మాటకు కొటేషన్ గుర్తులు చాలు, పుస్తకం పేరుకూ అంతే.

పేజీ రెండు అంచులూ సమానంగా కట్టాలన్న పట్టుదల మరో ఇబ్బంది తెచ్చిపెడుతుంది. మాట్లాడుకుంటున్నప్పుడు వంటి ఒక్క మాటే సన్నని కాలమ్‌లో సగం పంక్తి తింటుంది. పాత ముద్రణలో పంక్తి చివర పట్టినంత వరకు అక్షరాలు పేర్చి, మిగతా మాటను గుర్తేమీ పెట్టకుండా కింది పంక్తిలోకి తెచ్చేవారు. తెలుగు చదివే కంటికి అది అలవాటే. ఇప్పుడు మాటను విరవకుండా పంక్తిని సాగదీస్తున్నారు. దాంతో రెండు మాటల మధ్య మూడో మాట పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది, పేజీ నిండా తెల్లని పగుళ్లు కనిపిస్తాయి.

పాలమూరు పాఠకులు ప్రత్యేకంగా గమనించే లోపం ఒకటి ఉంది. మహబూబ్‌నగర్ అన్న పేరులో బకార పొల్లు తర్వాత న విడిగా నిలబడాలి. అన్ని లిపులకూ కంప్యూటరులో వాడే ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో అలా నిలబెట్టడానికి రెంటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. అది పెట్టకపోతే పేరు మహబూబ్నగర్ అయిపోతుంది. నాగర్‌కర్నూల్ పేరు నాగర్కర్నూల్ అవుతుంది. జిల్లా పేరే పుస్తకం అట్ట మీద తప్పుగా అచ్చయితే లోపలి పేజీల మీద నమ్మకం ఎలా కలుగుతుంది? ఒకే పుస్తకంలో కొన్ని చోట్ల ఆ గుర్తు ఉండి కొన్ని చోట్ల లేకపోతే, కంప్యూటరులో ఆ పేరును వెతికినప్పుడు సగం చోట్లే దొరుకుతుంది. ఇక యూనికోడ్‌కు ముందటి ‘అను’, ‘శ్రీలిపి’ వంటి అక్షరాలతో కట్టిన పుస్తకాల సంగతి ఇంతకన్నా కష్టం. ఆ పద్ధతిలో తెరమీద తెలుగు కనిపించినా, కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరసనే. ఆ పీడీఎఫ్‌లో ఒక మాటను వెతకడం కుదరదు. ఒక పేరా కాపీ చేస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. పోతన, వేమన, మండలి, రామభద్ర వంటి యూనికోడ్ అక్షరాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త పుస్తకాన్ని పాత అక్షరాలతో కట్టడమంటే దాన్ని రేపటి పాఠకుడికి తాళం వేసి ఇవ్వడమే.

కుట్టు, జిగురు, అంచు గురించి కొద్దిగా చెబితే చాలు. దారంతో ఫారాలను (పదహారేసి పేజీల కట్టలను) కుట్టకుండా వెన్ను కోసి జిగురు అంటించే పద్ధతిలో ఖర్చు తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు ఎండి పెళుసుబారి పేజీలు ఒక్కొక్కటిగా ఊడతాయి. అటువంటి పుస్తకానికి లోపలి అంచు ఎక్కువ వదలాలి, లేకపోతే పంక్తి మొదటి అక్షరం కోసం పుస్తకాన్ని బలంగా విప్పాలి, విప్పితే వెన్ను విరుగుతుంది. గ్రంథాలయంలో చేతులు మారే పుస్తకం ఈ హింసను ఏడాది కూడా ఓర్చుకోదు. వెన్ను మీద పేరు అచ్చువేసేటప్పుడు కొందరు పై నుంచి కిందికి, కొందరు కింది నుంచి పైకి వేస్తారు. బీరువా ముందు నిలబడినవారు ఒక పుస్తకానికి తలను కుడికి, పక్క పుస్తకానికి ఎడమకు వంచాలి.

ముందుమాటల సంగతి వేరు. కథల సంపుటి తెరవగానే ముందుమాట, మున్నుడి, ఆప్తవాక్యం, అభినందన, ఆ తర్వాత రచయిత నా మాట వస్తాయి. వీటిలో ప్రతి కథ సారాంశమూ, కొన్నిసార్లు ముగింపూ ముందే చెప్పేస్తారు. తెలుగులో మంచి పీఠికలకు గొప్ప సంప్రదాయం ఉంది. గ్రంథం చదవడానికి కావలసిన నేపథ్యం, పాఠభేదాలు, కాలనిర్ణయం అన్నీ అందులో ఉండేవి. ఇప్పటి ముందుమాటల్లో చాలావరకు స్నేహం కనిపిస్తుంది, నేపథ్యం కనిపించదు. కథ ఏ సంవత్సరంలో ఏ పత్రికలో మొదట వచ్చిందో చెప్పే ఒక్క పంక్తి మాత్రం కథ కింద ఉండదు. పాలమూరు వలస కూలీల గురించిన కథ 1985లో రాసిందో 2015లో రాసిందో తెలియకపోతే దాని అర్థమే మారిపోతుంది. ప్రతుల సంఖ్య అచ్చువేసే మంచి అలవాటు తెలుగు పుస్తకాల్లో ఉంది. అదే పేజీలో ప్రథమ ముద్రణ ఎప్పుడో, ఇప్పటి కూర్పులో ఏమి మారిందో కూడా రాస్తే సరిపోయేది. వెనకటి పుస్తకాల్లో చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. తప్పు జరిగిందని ఒప్పుకుని పాఠకుడికి సవరణ చెప్పడం అందులో ఉంది. ఇప్పుడు పట్టిక పోయింది, తప్పులు మిగిలాయి.

వాక్యాల దగ్గరికి వస్తే, స్థానిక చరిత్రలు రాసేవారి చేతిలో తెలుగు క్రియ నలిగిపోతోంది. ఈ దేవాలయం ఫలానా రాజుల కాలంలో నిర్మించబడినదిగా భావించబడుతున్నది అన్న తరహా వాక్యాలు పేజీకి నాలుగైదు కనిపిస్తాయి. కట్టించారని అనుకుంటున్నారు అని రాస్తే వెంటనే ఎవరు అనుకుంటున్నారన్న ప్రశ్న వస్తుంది. బడు ప్రయోగం ఆ ప్రశ్న రాకుండా అడ్డుపడుతుంది. శాసనంలో ఉందా, స్థలపురాణంలో ఉందా, ఊరి పెద్దలు చెప్పారా అన్నది తేల్చకుండానే వాక్యం గంభీరంగా ముగుస్తుంది. ఈ మూడూ పనికొచ్చే ఆధారాలే, దేని విలువ దానిదే. ఊరి పెద్దలు చెప్పారని నేరుగా రాసిన వాక్యం చరిత్రకారుడి గౌరవాన్ని తగ్గించదు.

కథల్లో, నవలల్లో ఇక్కడి మాట రాసేటప్పుడు వచ్చే చిక్కు మరొకటి. ఒకే మనిషి మూడో పేజీలో పోయిండు అని, ముప్ఫయ్యో పేజీలో పోయాడు అని అంటాడు. చేసిండ్రు, చేసిన్రు ఒకే పేరాలో పక్కపక్కన వస్తాయి. మనుషులు నిజంగానే ఎదుటివారిని బట్టి మాట మారుస్తారు. తహశీల్దారు ముందు ఒక రకంగా, ఇంట్లో ఒక రకంగా మాట్లాడతారు. రచయిత ఆ మార్పును తెలిసి చూపితే అది గొప్ప పనితనం. అయితే చాలా చోట్ల ఆ మార్పు ప్రూఫులు దిద్దినవారు సగం సరిదిద్ది సగం వదిలేయడం వల్ల వచ్చిందే. పాఠకుడికి ఏది పాత్ర స్వభావమో, ఏది దిద్దుబాటు మిగులో తెలిసే దారి లేదు. పుస్తకం మొత్తానికి ఒక రాతపద్ధతి పట్టిక ముందే తయారుచేసుకుని, ప్రూఫులు దిద్దేవారి చేతికి ఇస్తే ఈ గందరగోళం రాదు.

సంపాదకుడు ఎందుకు లేడన్న ప్రశ్నకు జవాబు డబ్బులో ఉంది. ఇప్పుడు అచ్చవుతున్న తెలుగు పుస్తకాల్లో పెద్ద భాగానికి ఖర్చు రచయితలే పెట్టుకుంటున్నారు. ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసి, ఆవిష్కరణ సభలో కొన్ని, మిత్రులకు కొన్ని పంచితే మిగతావి ఇంట్లో ఉంటాయి. డబ్బు ఇచ్చేది రచయిత కాబట్టి డీటీపీ చేసేవారూ ముద్రాపకుడూ జవాబు చెప్పుకునేది రచయితకే. పంక్తి ఎడం చాలలేదని, సూచిక లేదని ఫిర్యాదు చేయగల పాఠకుడు ఆ లావాదేవీలో ఎక్కడా లేడు. నకిరేకల్ దగ్గరి చెరువు మాధవరంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టినప్పుడు పుస్తకాలను సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అక్కడ ప్రచురణకర్త పాఠకుడి ఎదురుగా నిలబడ్డాడు. ఏ అక్షరం కనబడలేదో, ఏ మాట అర్థం కాలేదో, ఏ వెల ఇవ్వలేకపోయారో ఆ ముఖంలోనే తెలిసేది. ఆ ఎదురుబొదురు సంబంధం పోయాక దాని స్థానంలో నిలవవలసిన మనిషే సంపాదకుడు. అతనికి ఇచ్చే ప్రతిఫలం పుస్తకం ఖర్చులో ఒక పద్దుగా చేరనంత కాలం ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరాన్ని ఒక లెక్కతో చూడవచ్చు. డెమీ సైజులో ఒక ఫారం అంటే పదహారు పేజీలు. మూడు వందల పేజీల స్థానిక చరిత్రకు పేర్ల సూచిక పది పన్నెండు పేజీలు, పదకోశం రెండు పేజీలు, పటం ఒక పేజీ. అన్నీ కలిపి ఒక ఫారంలో ఇముడుతాయి. నాలుగైదు ముందుమాటలు ఆక్రమించే చోటు కూడా దాదాపు అంతే. కాగితం, ప్లేటు, కూలి ఖర్చులు రెంటికీ సమానం. తేడా సమయంలో ఉంది. ముందుమాటలు ఎప్పుడైనా రాయించుకోవచ్చు. సూచిక మాత్రం పేజీలు కట్టడం పూర్తయి, పేజీల అంకెలు ఖరారైన తర్వాత, ప్లేట్లు వేయకముందు మిగిలే పది పదిహేను రోజుల్లోనే తయారుకావాలి. ఆవిష్కరణ తేదీ ఆహ్వానపత్రికలో ముందే అచ్చయిపోయిన పుస్తకాలకు మొదట కోత పడుతున్నది ఆ పదిహేను రోజులకే.